ఆలోచించేవాళ్లతో వచ్చిన చిక్కు

కంపెనీలను ఇవాళ పీడిస్తున్నది పోటీ కాదు, మార్కెట్ కాదు. ఉద్యోగులు ఆలోచిస్తున్నారు, అదీ సమస్య. కిటికీలోంచి బయటికి చూస్తున్న మనిషి బుర్రలో ఉన్నది ప్రాజెక్టో, సాయంత్రం సినిమానో మేనేజర్‌కి తెలిసే దారి లేదు. జీతం మాత్రం రెంటికీ ఒకటే.

ఫ్యాక్టరీ పనిని కొలతలతో లెక్కగట్టిన ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ కాలంలో ఈ బాధ లేదు. స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడితే ఎవడు ఎన్ని టన్నుల ఇనుము మోశాడో తేలిపోయేది. తర్వాత మేనేజ్‌మెంట్ రచయిత పీటర్ డ్రకర్ వచ్చి, 1959లో నాలెడ్జ్ వర్కర్ అనేవాణ్ణి, అంటే చేతులతో కాక బుర్రతో పనిచేసేవాణ్ణి, లోకానికి పరిచయం చేశాడు. వాడి పని గురించి బాసు కంటే వాడికే ఎక్కువ తెలుసని కూడా చెప్పాడు. బాసులకు టెన్షన్ రాక ఏమవుతుంది?

అయినా కొందరు గట్టి ప్రయత్నమే చేశారు. 1982లో ఆపిల్‌లో లీసా కంప్యూటర్ తయారవుతుండగా, ప్రతి ఇంజనీరూ వారానికి ఎన్ని లైన్ల కోడ్ రాశాడో ఫారంలో నింపాలన్నారు. బిల్ అట్కిన్సన్ అప్పుడే ఒక భాగాన్ని తిరగరాశాడు. అది దాదాపు ఆరు రెట్లు వేగంగా నడిచింది, కోడ్ రెండు వేల లైన్లు తగ్గింది. ఫారంలో ఆయన ‘మైనస్ 2000’ అని రాసిచ్చాడు. కొన్ని వారాలకు ఆయన్ని ఫారం అడగడమే మానేశారు. ఇంత మెతకతనం పనికిరాదు. లెక్క ప్రకారం ఆయన కంపెనీకి రెండు వేల లైన్లు బాకీ, జీతంలోంచి రాబట్టాల్సింది.

2024లో వెల్స్ ఫార్గో బ్యాంకు, కీబోర్డు వాడుతున్నట్టు నటించిన డజనుకు పైగా ఉద్యోగుల్ని తీసేసింది. ఆలోచిస్తున్నట్టు నటించేవాళ్ల మీద మాత్రం ఎక్కడా చర్య లేదు. వాళ్లకు ప్రమోషన్లు వస్తున్నాయి.

ఇక ఉత్సాహపరచడం. ఇష్టంగా పజిల్స్ చేసుకునే విద్యార్థులకు డబ్బిచ్చి, తర్వాత ఆపేస్తే ఆ ఇష్టం తగ్గిందని 1971లో మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ డెసీ చూపించాడు. యాజమాన్యాలు ఇందులోంచి తమకు కావలసిన ముక్క తీసుకున్నాయి: డబ్బివ్వకపోతే ఇష్టం చెక్కుచెదరదు. అందుకే ఇంక్రిమెంట్ బదులు శుక్రవారం సాయంత్రం ఆనంద కార్యక్రమం. హాజరు తప్పనిసరి.

నాదొక ప్రతిపాదన. ఆలోచించదలచినవారు ముందురోజే క్యాలెండర్‌లో పావుగంట బుక్ చేసుకుని, ఏం తట్టబోతోందో రాసి ఆమోదం తీసుకోవాలి. ఆమోదం లేకుండా తట్టినవి సెలవు కింద జమకడతారు. స్నానం చేస్తుండగా తట్టినవి కంపెనీ ఆస్తి. వాటికి ఓవర్‌టైమ్ వర్తించదు.