జనం రాక మూతపడిందనడం తప్పు
టీవీలొచ్చి జనం మానేశారు కాబట్టే విజయనగరంలో ఆ పాత సినిమా హాలు మూసి కూల్చేశారని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. సిరిమానోత్సవానికి పల్లెల నుంచి వచ్చినవాళ్లు పైడితల్లమ్మ దర్శనం అవగానే అక్కడికే వచ్చేవారు, నేల టిక్కెట్టుకి తోపులాటే. అసలు దెబ్బ రీలు పోయి డిజిటల్ వచ్చినప్పుడు తగిలింది. మా మావయ్య అక్కడ ప్రొజెక్టర్ ఆపరేటర్. 2,000 అడుగుల రీలు సుమారు 22 నిమిషాల్లో అయిపోయేది. రీలు అయిపోవస్తోందని చెప్పే చుక్క తెర కుడివైపు పై మూలన కనబడగానే, తర్వాతి రీలు ఎక్కించిన రెండో ప్రొజెక్టర్ మిషన్ అందుకోవాలి, ఈలోగా తెరమీదికి వెలుగునిస్తూ కాలి అరిగిపోయే కార్బన్ కడ్డీలను దగ్గరికి జరుపుతూ ఉండాలి, ఒకటే టెన్షన్. అవన్నీ తీసేసి కొత్త ప్రొజెక్టరు, ఏసీ పెట్టాలంటే ఒక్క తెర ఆదాయం ఏం సరిపోతుంది? పైగా ఊరి నడిబొడ్డు స్థలం. కనీసం ఆ మిషన్లలో ఒకటైనా ఊళ్లో ఉంచాల్సింది, రెండూ పాత ఇనుము కింద అమ్మేశారు.