మాస్టరు గారి పథ్యం

గోదావరి జిల్లాల్లో అడుగుపెట్టిన మనిషిని ఆకలితో పంపరన్న కీర్తి మనకు ఊరికే రాలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత కాలువ పారిన ఊళ్ళన్నీ పచ్చబడ్డాయి. 2022 సంక్రాంతికి నరసాపురంలో కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించిన సంగతిని దేశంలోని పత్రికలు నోరూరుతూ రాశాయి. ఇటువంటి గడ్డ మీద బతుకుతూ, రోజుకు పది పన్నెండు గంటలు తిండిపదార్థాల నడుమనే నిలబడుతూ, వేళకు తినడం మాత్రం నేర్చుకోలేకపోయిన వర్గం ఒకటి మన మధ్య తయారైందని తెలియజేయడానికి చింతిస్తున్నాను. రాజమహేంద్రవరం నుంచి అమలాపురం దాకా, తణుకు నుంచి పాలకొల్లు దాకా, పొద్దుగూకేసరికి ప్రతి సెంటర్లోనూ లైట్లు వెలిగే ఫాస్ట్ ఫుడ్ బండ్ల దగ్గర కళాయి తిప్పే మాస్టర్లూ, వారి హెల్పర్లూ, పార్శిళ్ళు కట్టే కుర్రాళ్ళే ఆ వర్గం.

వీరి దినచర్యను గమనించినవారికి వీరి నిర్లక్ష్యం మీద కోపం రాక మానదు. అర్ధరాత్రి దాటాక పడుకున్న మాస్టరు ఏ పదింటికో లేచి, అప్పటికి టిఫిను హోటల్లో ఇడ్లీ అయిపోతే రెండు బజ్జీలూ ఒక టీతో సరిపెట్టుకుంటాడు. మధ్యాహ్నం మూడింటికల్లా క్యాబేజీ, క్యారెట్, బీన్స్, క్యాప్సికమ్, ఉల్లికాడలు తరగడం మొదలుపెడతాడు. నూడుల్స్ ఉడకబెట్టి నూనె పట్టించి ఆరబెడతాడు. అన్నం వార్చి చల్లారబోస్తాడు. చికెన్‌కు మసాలా కలిపి ఒక విడత వేయించి పక్కన పెడతాడు. ఆరింటికి స్టవ్ అంటించాక కుడిచెయ్యి గరిటెదీ ఎడమచెయ్యి కళాయిదీ అయిపోతాయి కనుక, నోటికి ఏ చెయ్యీ మిగలదు. రాత్రి పదకొండున్నరకు గిరాకీ సద్దుమణిగిన తరువాత, అడుగున మిగిలిన రైసులో ఇంత మంచూరియా గ్రేవీ పోసుకుని, సిలిండరు పక్కన బోర్లించిన బకెట్టు మీద కూర్చునో, అసలు కూర్చోకుండానో పది నిమిషాల్లో భోజనం ముగిస్తాడు. నీళ్ళు కూడా పొదుపుగానే తాగుతాడు, ఎందుకంటే దగ్గరలో మరుగుదొడ్డి ఉండదు; ఉన్నా, వెళ్ళి వచ్చేలోపు నాలుగు ఆర్డర్లు పేరుకుపోతాయి. పక్కనే కొబ్బరి బొండాల బండి ఉంటుంది. కోనసీమలో ఉండి, చెమట ఆరడానికి కూల్‌డ్రింకు తాగేవాడిని ఏమనాలో పాఠకులే నిర్ణయించాలి.

చెప్పేవారు లేక చెడిపోయాడనడానికి వీల్లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో 17 ఆహార మార్గదర్శకాలను విడుదల చేసింది. రోజుకు 2000 కేలరీలు కావలసిన మనిషి పళ్ళెంలో 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు, 300 మిల్లీలీటర్ల పాలో పెరుగో ఉండాలనీ, ఉప్పు రోజంతటికీ కలిపి 5 గ్రాములు దాటకూడదనీ ఆ సంస్థ ఎంతో స్పష్టంగా చెప్పింది. మన మాస్టరు చేతుల మీదుగా ఒక్క సాయంత్రమే కిలోల కొద్దీ కూరగాయలు వెళతాయి కాబట్టి, వాటిలో 400 గ్రాములను దారి మళ్ళించి నోట్లో వేసుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. రావులపాలెంలో అరటి మార్కెట్టు ఉండగా పండ్లు దొరకలేదని సాకు చెప్పడం అసలే భావ్యం కాదు. అరటిపండు ఒలవడానికి రెండు చేతులూ కావాలన్న అభ్యంతరాన్ని మాత్రం నిపుణులు పరిశీలించవలసి ఉంది. ఉప్పు లెక్క కొంచెం చిక్కు. సోయా సాస్, చిల్లీ సాస్, టేస్టింగ్ సాల్ట్ కలిసిన ప్లేటునే రాత్రి భోజనంగా తినేవాడు ఆ 5 గ్రాములను ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలో తెలియదు. గరిటె అంచుతో తీసి వేసేవాటికి గ్రాములు ఉండవు. పోనీ, నూనె, ఉప్పు, చక్కెర ఈ రోజు నుంచే కొంచెం తగ్గించుకోండని దేశమంతటా ప్రచారం చేసిన ‘ఈట్ రైట్ ఇండియా’ ఉద్యమాన్ని తీసుకుంటే, దానిని మన మాస్టరు అవసరానికి మించే పాటిస్తున్నాడు. ఆ మూడింటికి తోడు అతను అన్నం, కూర, నిద్ర కూడా తగ్గించాడు.

పెద్దలు మరొక మార్గం సూచిస్తున్నారు. మన తాతలు రాత్రి అన్నాన్ని తరవాణిలో వేసుకుని, పొద్దున్నే ఉల్లిపాయ నంజుకుని తిని, సాయంత్రం దాకా పొలంలో వంగారట. మాస్టరు కూడా ఇంటి దగ్గర నుంచి చద్దన్నం కట్టించుకుని వస్తే సరిపోతుందని వారి అభిప్రాయం. శ్రీకాకుళం నుంచో, ఒడిశా నుంచో, నేపాల్ నుంచో వచ్చి, అయిదారుగురు కలిసి ఒక రేకుల గదిలో పడుకునే కుర్రాడు ఏ ఇంటి దగ్గర నుంచి కట్టించుకోవాలన్న ప్రశ్న ఈ సూచన గొప్పతనాన్ని ఏమాత్రం తగ్గించదు.

ఇలాంటి సలహాల్లో ప్రపంచానికి దారి చూపినవారు అమెరికావారు. 2013లో మెక్‌డొనాల్డ్స్ సంస్థ ఉద్యోగుల కోసం నడిపిన సలహాల వెబ్‌సైటులో, బర్గరూ బంగాళాదుంప వేపుడూ శీతల పానీయమూ ఉన్న బొమ్మ ఒకటి పెట్టి, ఇది ఆరోగ్యకరమైన ఎంపిక కాదని రాశారు. తాను అమ్మేదాన్ని తన మనుషులు తినరాదని ఇంత నిజాయితీగా చెప్పిన వ్యాపారి మన వైపు కాగడా వేసి వెతికినా దొరకడు. తిండిని చిన్న చిన్న ముక్కలు చేసుకుని తింటే, తక్కువ తిన్నా కడుపు నిండినట్టు ఉంటుందన్న హితవు కూడా అదే సైటులో ఉండేది. జీతాలు చాలడం లేదని సమ్మెలు చేస్తున్న కార్మికులకు ఇంతకంటే చవకైన వైద్యం ఏముంటుంది? లోకం నవ్వేసరికి ఆ ఏడాది డిసెంబరులోనే ఆ సైటు మూతపడింది. అయినా ఆ హితవు వృథా కాలేదు. మన మాస్టరు ఎవరూ చెప్పకుండానే తన భోజనాన్ని ముక్కలు చేసుకున్నాడు: ఉప్పు చూడటానికి ఏడింటికి ఒక చికెన్ ముక్క, ఎనిమిదిన్నరకు విరిగిపోయిన మంచూరియా ఉండ ఒకటి, తొమ్మిదింటికి ఎవరో పుణ్యాత్ముడు తెచ్చిచ్చిన సగం టీ.

మన చట్టాలు అతన్ని మరిచిపోయాయనడం కూడా అన్యాయమే అవుతుంది. 1988 నాటి మన రాష్ట్ర దుకాణాలు, సంస్థల చట్టం రాసిననాడే, అయిదు గంటలు పనిచేసిన ఉద్యోగికి కనీసం గంట విశ్రాంతి ఇవ్వాలంది. ఆ గంటను ఎలా గడపకూడదో ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి: వండే చోట తినకూడదు, నమలకూడదు, ఉమ్మకూడదు. బండి అంటేనే వండే చోటు; బండి దాటితే రోడ్డు. ఒక చట్టం తినడానికి గంట ఇచ్చి, ఇంకొక నిబంధన తినే చోటు తీసేసుకుని, మిగిలిన ఆ గంటను యజమాని భద్రంగా దాచిపెట్టడంలో కనిపించే సమన్వయాన్ని నేను మరే విషయంలోనూ చూడలేదు. అవే నిబంధనల ప్రకారం మాస్టరు గోళ్ళు కత్తిరించుకోవాలి, తలకు టోపీ పెట్టుకోవాలి, ఏడాదికొకసారి వైద్య పరీక్ష చేయించుకోవాలి. అతని నుంచి మనకు ఏ అంటురోగమూ రాదని డాక్టరు సంతకం చేస్తాడు. మన పార్శిళ్ళ వల్ల అతని కడుపులో పుండు పడిందా అన్నది ఆ పరీక్షకు సంబంధించిన విషయం కాదు. కేరళలో 2018లోనూ, తమిళనాడులో 2021లోనూ దుకాణాల్లో పనిచేసేవారికి కూర్చునే హక్కు ఇస్తూ చట్టాలు సవరించారు. మనం అంతదూరం పోనక్కరలేదు; మన సెంటర్లలో కుర్చీలు కావలసినన్ని ఉన్నాయి, గిరాకీ కోసం.

ఈ మొత్తం వ్యాపారంలో విశ్రాంతి హక్కును నిక్కచ్చిగా సంపాదించుకున్నది నూనె ఒక్కటే. నూనె మళ్ళీ మళ్ళీ కాగేకొద్దీ అందులో పెరిగే పోలార్ పదార్థాల మొత్తం 25 శాతం దాటితే దానిని ఇక వంటకు వాడరాదన్న నియమం 2018 జులై నుంచి అమలులో ఉంది. అలా పక్కన పెట్టిన నూనెను సేకరించి బయోడీజిల్‌గా మార్చే పథకమూ ఆ ఏడాదే మొదలైంది. అంటే నూనెకు పదవీ విరమణ ఉంది, ఆపైన రెండో ఉద్యోగమూ ఉంది. మాస్టరును ఎన్నిసార్లు మరిగించవచ్చునో చెప్పే నోటిఫికేషన్ మాత్రం ఇంకా రాలేదు.

పోనీ, ప్రాణికి వేళకు సరైన మేత పెట్టడం మనకు చేతకాదా అంటే, ఆ విద్యలో డెల్టాను మించిన ప్రాంతం లేదు. భీమవరం, ఉండి, ఆకివీడు చెరువుల మీద వెనామీ రొయ్యకు జరిగే రాజోపచారం ఒకసారి చూడండి. రోజుకు నాలుగు పూటలు మేత వేస్తారు. వయసును బట్టి మేత నంబరు మారుస్తారు. మేత చల్లాక చెరువులో చెక్ ట్రేలు దించి, కొంతసేపు ఆగి పైకి తీసి, రొయ్య తిన్నదా లేదా అని రాత్రిపూట టార్చిలైటు వేసి మరీ చూస్తారు. ట్రేలో మేత మిగిలిందంటే రైతుకు ఇక నిద్ర ఉండదు: ఆక్సిజన్ తగ్గిందా, మబ్బు పట్టిందా, వైరస్ ఏమైనా తగిలిందా అని టెక్నీషియనుకు ఫోను వెళుతుంది, ఏరేటర్లు తిరుగుతాయి, మినరల్స్ పడతాయి. అదే భీమవరంలో ఫాస్ట్ ఫుడ్ మాస్టరు రెండు పూటలు తినకపోతే, ఆ సంగతి అతనికి తప్ప మరొకరికి తెలియదు. రొయ్యల ఫ్రైడ్ రైస్ చేసేటప్పుడు ఆ కళాయి దగ్గర కలుసుకునే రెండు ప్రాణుల్లో వేళకు తిన్నది ఏదో వేరే చెప్పనక్కరలేదు.

పందెం కోడి వైభవం ఇంకా గొప్పది. సంక్రాంతికి నెలల ముందు నుంచే, ఈకల రంగును బట్టి కాకి, డేగ, నెమలి అని పిలిచే పుంజులకు విడివిడిగా మేపు మొదలవుతుంది. పొద్దున్నే ఈత కొట్టిస్తారు, వేడినీళ్ళ కాపడం పెడతారు, గంట్లూ చోళ్ళూ వేస్తారు. ఉడికించిన గుడ్డు, బాదం, జీడిపప్పు, మటన్ ఖీమా కొలత ప్రకారం తినిపిస్తారు. దాన్ని చూసుకోవడానికి జీతమిచ్చి మనిషిని కూడా పెడతారు. ఆ మనిషి ఏం తింటాడని ఎవరూ అడగరు కాని, అది వేరే వ్యాసం. పందేలు చట్టవిరుద్ధమే అయినా, పందెం కోడి ఆహార నియమావళిని ఇంతవరకు ఏ న్యాయస్థానమూ తప్పుపట్టలేదు.

అందుచేత నా ప్రతిపాదన చాలా సులభమైనది. మాస్టర్లకు కొత్త హక్కులేవీ ఇవ్వనక్కరలేదు, హక్కులంటే ఖర్చు. వారిని కాగితాల మీద పందెం కోళ్ళుగానో, ఆక్వా పంటగానో నమోదు చేస్తే చాలు, మిగతాది మన జిల్లాల అలవాటు చూసుకుంటుంది. కోళ్ళ కింద రాయడంలో కొంత సౌకర్యం ఉంది, ఎందుకంటే కత్తి ఇప్పటికే అతని చేతిలో ఉంది. కాని బాదం ధర దృష్ట్యా రొయ్యల కింద రాయడమే మేలని తోచి, స్టవ్ పక్కన ఒక చెక్ ట్రే వేలాడదీయాలనీ, రోజుకు నాలుగుసార్లు దాన్ని పరిశీలించాలనీ ఒక ముసాయిదా తయారుచేశాను.

దీన్ని చదివిన ఒక ఫాస్ట్ ఫుడ్ సెంటరు యజమాని ఎంతో మర్యాదగా అభ్యంతరం తెలిపారు. “చూడండి గురువుగారూ, రొయ్యకు కిలోంపావో కిలోన్నరో మేత వేస్తే కిలో బరువొస్తుందండి. కిలోకెన్ని తూగుతాయో, ముప్పై కౌంటో నలభై కౌంటో చూసి కొనుక్కుపోయేవాడు ఉన్నాడండి. మా వాణ్ణి మేపితే వచ్చే బరువు నేనెవరికి అమ్ముకోనండి?” అని అడిగారు. అర్థశాస్త్రం చదివినవారెవరూ దీనికి నాకు సమాధానం చెప్పలేకపోయారు. ఆయన బాధ ఆయనది. గ్యాసు, గుడ్లు, పామాయిలు ధరలు పెరిగినప్పుడల్లా ప్లేటు ధర పెంచితే గిరాకీ పక్క బండికి పోతుంది. యజమానే మాస్టరయిన బండ్లు కూడా మన ఊళ్ళలో తక్కువేమీ కావు. భర్త కళాయి దగ్గరా భార్య పార్శిళ్ళ దగ్గరా నిలబడే ఆ బండ్ల మీద, విశ్రాంతి గంట ఇవ్వలేదని ఎవరు ఎవరి మీద ఫిర్యాదు చేయాలో కార్మిక శాఖవారే తేల్చాలి.

వీటన్నిటికంటే పెద్ద చిక్కు, ఆరోగ్యం మీద శ్రద్ధ పెరిగిన గిరాకీతో వస్తోంది. ఈ పెద్దమనిషి రాత్రి పదిన్నరకు, వాకింగు ముగించుకుని వస్తాడు. “ఆయిల్ తగ్గించు తమ్ముడూ, టేస్టింగ్ సాల్ట్ వద్దు, కళాయి ఒకసారి కడిగేసి చెయ్యి. రైసు తక్కువ, క్యాబేజీ ఎక్కువ వెయ్యి. కాస్త తొందరగా ఇవ్వు, పడుకునే ముందు రెండు గంటలు ఖాళీ ఉండాలన్నాడు డాక్టరు గారు” అంటాడు. ఆయన ఆరోగ్యం కోసం మాస్టరు కళాయి కడుగుతాడు, కొత్త నూనె పోస్తాడు, మళ్ళీ వేడెక్కేదాకా ఆగుతాడు. ఇలాంటి ఆరోగ్యవంతులు నలుగురు వరసగా వస్తే మాస్టరు రాత్రి భోజనం మరునాటి తేదీలోకి వెళ్ళిపోతుంది. నలుగురి మితాహారం కలిసి ఒకరి ఉపవాసమయ్యే ఈ విధానం ఇంకా పోషకాహార శాస్త్రం దృష్టికి వచ్చినట్టు లేదు.

అందరినీ ఒప్పించడం కోసం ముసాయిదాను కొద్దిగా సవరించాను. చెక్ ట్రేగా వాడే స్టీలు పళ్ళేన్ని మాస్టరే తెచ్చుకోవాలి. అందులో 400 గ్రాముల కూరగాయలు ఉండి తీరాలి కాని, అవి గిరాకీ కోసం తరిగినవి కాకూడదు. రాత్రి ఏడు నుంచి పదకొండు దాకా రద్దీ వేళ కనుక ఆ నాలుగు గంటలూ ట్రే మూత తీయరాదన్నారు, ఒప్పుకున్నాను. ఆదివారాల్లోనూ, సంక్రాంతి మూడు రోజుల్లోనూ ఆ గడువును ఒంటిగంట దాకా పొడిగించమన్నారు, దానికీ ఒప్పుకున్నాను. ఆ మూడు రోజులూ ట్రే తీసి చూడటానికి ఎలాగూ ఎవరూ దొరకరు, మనవాళ్ళంతా బరుల దగ్గర కోళ్ళు తిన్నాయో లేదో కనుక్కుంటూ ఉంటారు.