దేవుడి కింద ఆయకట్టు

డాలస్ శివార్ల నుంచి,
బడులు తెరిచిన మూడో వారం

గౌరవనీయులైన ‘అండర్ గాడ్’ గారికి,

విషయం: నిండిన బస్సులో తమరు సీటు సంపాదించిన వైనం గురించి.

అయ్యా,

మీరు నన్ను ఎరగరు. మా అమ్మాయిని మాత్రం బాగా ఎరుగుదురు. ఇక్కడి ప్రభుత్వ బడిలో నాలుగో తరగతి. పొద్దున్నే స్పీకర్లో గొంతు వినపడగానే లేచి నిలబడి, కుడిచెయ్యి గుండెమీద పెట్టుకుని, అమెరికా జెండాకు విధేయత ప్రకటిస్తుంది. మొత్తం 31 మాటలు. అందులో మీరు రెండు, ‘అండర్’, ‘గాడ్’. ఆ వెంటనే టెక్సాస్ జెండాకు మరో ప్రతిజ్ఞ. అందులోనూ మీరున్నారు, 2007 నుంచి. అంటే మా పిల్ల నోట రోజుకు రెండు షిఫ్టులు చేస్తున్నారన్నమాట. ఆ తర్వాత చట్టం ప్రకారం ఒక నిమిషం మౌనం. ఆ నిమిషంలో ప్రార్థన చేసుకోవచ్చు, ధ్యానం చేసుకోవచ్చు, చప్పుడు కానిది ఇంకేమైనా చేసుకోవచ్చు. మావాళ్లు డబ్బాలో పులిహోర పెట్టారా, పాస్తా పెట్టారా అని మా అమ్మాయి ఆలోచించుకుంటుందట. రోజు మొత్తంలో ఆమె ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసే ప్రార్థన అదొక్కటే అని నా అనుమానం.

ఈ లేఖ రాయడానికి కారణం మా అత్తమ్మ. మిర్యాలగూడ దగ్గరి ఊరు. ఆరు నెలలు ఉండి పోదామని వచ్చింది. ఒకరోజు పొద్దున పిల్ల జడ వేయించుకుంటూ ప్రతిజ్ఞ వల్లిస్తుంటే, “ఏం పాటమ్మా అది?” అని అడిగింది.

“పాట కాదు అమ్మమ్మా, ప్లెడ్జ్. దేవుడి కింద ఒక దేశం అని.”

అత్తమ్మ దువ్వెన ఆపింది. “కింద అంటే ఎట్ల? ఎడమ కాలువ కింద మనకు మూడెకరాలు ఉన్నట్టా?”

పిల్ల కాసేపు ఆలోచించి, అవునంది.

“మరి తూము ఎవరి చేతిల ఉన్నది?”

అయ్యా, మీ మీద ఈ దేశపు కోర్టుల్లో వాదనలు జరిగాయి, తీర్పులు వచ్చాయి. కానీ అసలు ప్రశ్న అడిగింది మా అత్తమ్మే అనిపించింది. దేవుడు పైన చెరువులాగా నిండుగానే ఉంటాడు, ఎవరికీ అనుమానం లేదు. గొడవ ఎప్పుడూ తూము దగ్గరే. కాలువ మొదట్లో ఉన్న పొలాలకు నీళ్లు వాటంతట అవే పారతాయి. అక్కడివాళ్లకు ‘గాడ్’ అనగానే ఆదివారం వెళ్లే చర్చి, తాతగారి బైబిలు కళ్లముందు కనిపిస్తాయి. వాళ్లకు మీరు పొలంలోని నీళ్లంత సహజం. కాస్త దిగువకు వస్తే, దేవుడు ఒక్కడే గానీ పేరు వేరనేవాళ్లు. వాళ్లు గట్టు కొంచెం తెంపుకుని సర్దుకుంటారు. ఇంకా దిగువన మేము. మీరు ఏకవచనం, మా ఇంటి పూజగదిలో పదకొండు పటాలున్నాయి, దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా కీచైన్ కాకుండా. మాకు దిగువన, దేవుడి ప్రసక్తే లేని బౌద్ధుల పిల్లలు. అట్టడుగున, దేవుడే లేడనేవాళ్లు. శివారు భూములు. కాగితం మీద ఆయకట్టు మొత్తానికీ నీళ్లు అందినట్టే ఉంటుంది, మా ఊళ్లో లాగానే.

మీ పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకుందామని కూర్చుంటే ఒక సంగతికి నవ్వొచ్చింది. ఈ ప్రతిజ్ఞ రాసిన ఫ్రాన్సిస్ బెల్లమీ బాప్టిస్టు పాస్టరు. 1892లో, కొలంబస్ వచ్చి నాలుగు వందల ఏళ్లయిన సందర్భంగా ‘యూత్స్ కంపానియన్’ అనే పత్రికలో అచ్చయింది. ఆ పత్రిక అప్పట్లో బడులకు జెండాలు కూడా అమ్ముతుండేది. జెండా కొన్నాక దాని ముందు నిలబడి ఏదో ఒకటి అనాలి కదా. కాబట్టి ఈ పవిత్ర ప్రతిజ్ఞకు వెనక చిన్న సేల్స్ డిపార్ట్‌మెంట్ ఉంది. అది తప్పని నేననను, మన దేవుడి క్యాలెండర్లు కూడా బంగారం కొట్లవాళ్లే పంచుతారు. విశేషం ఏమిటంటే, పొద్దున లేస్తే దేవుడి మాటే మాట్లాడాల్సిన ఆ పాస్టరు ప్రతిజ్ఞలో దేవుడి పేరు రాయలేదు. మిమ్మల్ని తెచ్చి కూర్చోబెట్టినవాళ్లు రాజకీయ నాయకులు.

అప్పటిదాకా ‘ఒకే దేశం’, ‘విడదీయరానిది’ అనే రెండు మాటలూ 62 ఏళ్లు పక్కపక్కనే కాపురం చేశాయి. 1954లో మీరు కిటికీలోంచి తువ్వాలు వేసి, “కొంచెం జరగండి” అని ఆ రెంటి మధ్యలోనే కూర్చున్నారు. విడదీయరానిది అని చెప్పే మాటనే విడదీసి కూర్చోవడానికి ఎంత చనువుండాలి!

ఆ తువ్వాలు వేసింది కూడా ఒక వలసదారే. నైట్స్ ఆఫ్ కొలంబస్ అనే క్యాథలిక్ సంఘంవాళ్లు అప్పటికే తమ సభల్లో మిమ్మల్ని కలుపుకుని చదువుతున్నారు. స్కాట్లాండ్ నుంచి వచ్చిన జార్జ్ డాకర్టీ అనే పాస్టరు 1954 ఫిబ్రవరి 7న వాషింగ్టన్‌లో ప్రసంగం చేశారు. ఎదురుగా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ కూర్చుని ఉన్నారు. డాకర్టీ గారి వాదన ఇదీ: ఇప్పుడున్న ప్రతిజ్ఞను మాస్కో పిల్లలు కూడా తమ జెండాకు అలాగే చెప్పుకోవచ్చు, మనకూ వాళ్లకూ తేడా తెలియాలంటే దేవుడుండాలి. లింకన్ గెటిస్‌బర్గ్ ప్రసంగంలో మీరున్నారు కాబట్టి మాట కోసం వెతుక్కోవాల్సిన పని కూడా లేకపోయింది. ఐదు నెలలు తిరగకుండా జూన్ 14న చట్టమైంది. ఇంత చేసి, మీరు దేవుడి కోసం వచ్చినవారు కాదు, రష్యా మీద కోపంతో వచ్చినవారు. ఆ సోవియట్ యూనియన్ 1991లో పోయింది. డ్యూటీ అయిపోయినా డిప్యుటేషన్ మీద కొనసాగుతున్న ఉద్యోగులు మాకు కొత్త కాదులెండి.

మీ జాతకంలో జూన్ 14 విచిత్రమైన తేదీ. ఇక్కడ అది జెండా పండుగ. మీరు పుట్టడానికి పదకొండేళ్ల ముందు, 1943లో, అదే రోజున సుప్రీంకోర్టు ఏ పిల్లనూ బలవంతంగా జెండాకు వందనం చేయించకూడదని తీర్పు చెప్పింది. దాని వెనక ఒక పాపముంది. 1940లో అదే కోర్టు, దేవుడికి తప్ప దేనికీ మొక్కబోమన్న యెహోవాసాక్షులు అనే క్రైస్తవ శాఖవాళ్ల పిల్లల్ని బడి నుంచి గెంటేయడం సబబేనంది. దాని తర్వాత ఆ మతంవాళ్ల మీద చాలాచోట్ల దాడులు జరిగాయి. మూడేళ్లకు కోర్టు తన మాట తానే మింగింది. ఆ రెండు కేసుల్లోనూ కుటుంబాల ఇంటిపేర్లను రికార్డుల్లో తప్పుగా రాశారు. గోబిటస్‌వాళ్లు గోబిటిస్ అయ్యారు, బార్నెట్ పక్కన అనవసరంగా ఒక ‘ఇ’ వచ్చి చేరింది. మందుల షాపులో నా ఇంటిపేరు పిలిచే తీరుకు అలవాటుపడ్డవాణ్ని కాబట్టి ఆ కుటుంబాలంటే నాకు అప్పటికప్పుడు చుట్టరికం పుట్టుకొచ్చింది.

ఇక మీ సొంత కేసు. కాలిఫోర్నియాలో మైకేల్ న్యూడో అనే నాస్తిక డాక్టరు, తన కూతురి బడిలో మీరు ఉండకూడదని దావా వేశారు. 2002లో అప్పీలు కోర్టు ఆయన పక్షాన నిలిచింది. ఇంకేముంది, సెనేట్ 99-0తో ఆ తీర్పును ఖండించింది. సభ్యులు తమ చట్టసభల భవనం క్యాపిటల్ మెట్ల మీద గుమిగూడి, మీ దగ్గరికొచ్చేసరికి గొంతు పెంచి ప్రతిజ్ఞ చదివారు. 2004లో సుప్రీంకోర్టులో ఆయన కేసు ఆయనే వాదించుకున్నారు. ప్రధాన న్యాయమూర్తి రెన్‌క్విస్ట్, 1954లో కాంగ్రెస్‌లో ఓట్లు ఎలా పడ్డాయని అడిగితే, ఏకగ్రీవమే అనుకుంటానన్నారు న్యూడో. మరి ఇందులో జనాన్ని చీల్చేదేముంది అని ఆయన. నాస్తికుడెవరూ ఎన్నికల్లో గెలవలేడు కాబట్టి అలా ఉంది అని ఈయన. కోర్టు హాల్లో చప్పట్లు పడ్డాయి, హాలు ఖాళీ చేయిస్తానని రెన్‌క్విస్ట్ గారు కసిరారు. చివరికి ఏమైందంటే, కూతురి విషయంలో నిర్ణయాధికారం తల్లిది, ఈయనకు దావా వేసే అర్హతే లేదని కొట్టేశారు. మీ గురించి అవునని గానీ కాదని గానీ తేల్చకుండానే. తేదీ? జూన్ 14. సరిగ్గా మీ షష్టిపూర్తికి పదేళ్ల ముందు.

ఆ రోజు ముగ్గురు న్యాయమూర్తులు మాత్రం మీరు ఉండొచ్చని విడిగా రాశారు. అక్కడే నాకు కడుపు రగిలింది. జస్టిస్ ఓ’కానర్ మీకు ఒక బిరుదు తగిలించారు, ‘సెరిమోనియల్ డీయిజం’ అని. మన భాషలో లాంఛనపు దైవభక్తి. ఆ మాటను అంతకు ఇరవై ఏళ్ల క్రితం మరో కేసులో జస్టిస్ బ్రెన్నన్ వాడుతూ, మీలాంటి మాటలు పదేపదే వల్లించి వల్లించి మతపరమైన సారం అరిగిపోయాయని రాశారు. అంటే ఊరికి ఒక మాట, కోర్టుకు ఒక మాట. మెట్ల మీద నిలబడ్డప్పుడు మీరు సాక్షాత్తూ దేవుడు, మీరు లేకపోతే దేశమే మునిగిపోతుంది. జడ్జి ముందుకు వచ్చేసరికి మీలో దేవుడు పెద్దగా లేడు, పెళ్లిలో కొబ్బరిబొండాం లాంటివారు.

నేను గుడికి వెళ్లేవాణ్ని స్వామీ. శనివారాలు ఒక్కపూట భోజనం. దేవుడి పేరులో దేవుడు లేడని రుజువు చేసి ఆ పేరును కాపాడటం చూసి నాస్తికుడికి ఏమనిపిస్తుందో నాకు తెలీదు గానీ, మొక్కేవాడికి మాత్రం చెంపదెబ్బలా ఉంటుంది. న్యూడో గారి కంటే ముందు నాలాంటివాళ్లు వెళ్లాల్సింది కోర్టుకు.

బలవంతమేమీ లేదు కదా అంటారు మీరు. నిజమే. పెళ్లి బంతిలో అందరూ తింటుంటే విస్తరి ముందు నుంచి లేచిపోవడానికి కూడా బలవంతమేమీ లేదు. తొమ్మిదేళ్ల పిల్లను లేచి చూడమనండి.

మేమేదో శుద్ధపూసలమని ఈ లేఖ రాయడం లేదు. నేను చదివిన జిల్లాపరిషత్ హైస్కూల్లో ప్రార్థన అంటే సరస్వతీ శ్లోకమే. నా పక్కన నిలబడే మస్తాన్, ముందు వరసలో ఉండే డేవిడ్ ఏం చేసేవాళ్లో ఆ ఐదేళ్లలో ఒక్కసారి కూడా తలతిప్పి చూడలేదు. కాలువ మొదట్లో పొలం ఉన్నవాడు శివారు వైపు ఎందుకు చూస్తాడు? ఇక్కడికొచ్చి, మన పొలం చివరికి పోయాక గానీ ఆ ఇద్దరి పెదాలు కదిలేవా లేదా అన్న ఆలోచన రాలేదు.

అయితే శ్లోకం తర్వాత ప్రతిజ్ఞ ఉండేది. దాన్ని మొదట తెలుగులోనే రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారిది నల్లగొండ దగ్గర అన్నెపర్తి, మా అత్తమ్మ జిల్లా. 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ ఆఫీసరుగా ఉండగా రాశారు. 1965 నుంచి దేశమంతటా బడుల్లో చదువుతున్నారు. అందులో తల్లిదండ్రులున్నారు, ఉపాధ్యాయులున్నారు, పెద్దలున్నారు, జంతువుల పట్ల దయ కూడా ఉంది. దేవుడు లేడు. ఖజానా లెక్కలు చూసినాయన కదా, ఎవరి పద్దు ఏ ఖాతాలో రాయాలో తెలుసు.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను. 1985లో కేరళలో ముగ్గురు యెహోవాసాక్షుల పిల్లలు జాతీయగీతానికి లేచి నిలబడ్డారు గానీ పాడలేదు. బడి నుంచి తీసేశారు. మరుసటి ఏడాది మా సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. తీర్పు రాసింది ఓ. చిన్నపరెడ్డి గారు, తెలుగువారు. గోబిటిస్, బార్నెట్ కేసులు రెంటినీ ముందేసుకుని చదివి మరీ రాశారు. మీ దేశంలో బడిపిల్లలు గెలుచుకున్న మౌనం మా దేశానికి వచ్చి ముగ్గురు పిల్లల్ని కాపాడిందన్నమాట. దిగుమతి చేసుకోదగ్గ సరుకు మీ దగ్గర ఉంది సార్. అది మీరు కాదు, అంతే.

నా సంగతికొస్తే, గ్రీన్ కార్డు క్యూలో ఉన్నాను. ఇండియావాళ్ల క్యూ కాబట్టి, రిటైరయ్యేలోపు వస్తే పౌరసత్వ ప్రమాణం చేస్తాను. దాని చివర కూడా ‘దేవుడు నాకు తోడగు గాక’ అని ఉంది. కానీ అక్కడ ఆ మాటలు వద్దనుకున్నవాళ్లు వదిలేయొచ్చు, కాగితాలు, సాక్ష్యాలు ఏమీ చూపించక్కర్లేదు. నలభై దాటిన మగాడు నోటితో చెబితే చాలు. అదే నాలుగో తరగతి పిల్లయితే, టెక్సాస్‌లో తల్లో తండ్రో రాసివ్వాలి.

ఆ కాగితం నెలరోజులుగా ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. రాసిస్తే ప్రతిజ్ఞ మొత్తం నుంచి మినహాయింపు, మీ ఇద్దరి నుంచి మాత్రమే అనే గడి లేదు. మా అమ్మాయికి జెండాతో పేచీ లేదు, ఇక్కడే పుట్టింది, అది ఆమె జెండానే. అందుకే సంతకం చేయలేదు. వీసా మీద ఉన్నవాడికి ఎందుకొచ్చిన టెన్షన్ అనేది రెండో కారణం. మొదటిది అని మా ఆవిడ అంటుంది.

నిన్న రాత్రి ఏం చేద్దామమ్మా అని పిల్లనే అడిగాను. అమ్మమ్మ పక్కన పడుకుని, అప్పటికే సగం నిద్రలో ఉంది.

“అక్కడికి రాగానే ఊపిరి పీల్చుకుంటున్నా నాన్నా. దానికి లెటర్ అక్కర్లేదుగా?”

ఇట్లు,
శివారు ఆయకట్టుదారు