కార్గో వ్యాన్‌కి సీడీఎల్ అక్కర్లేదు, చూడాల్సింది డోర్ స్టిక్కర్

అమెరికాలో కార్గో వ్యాన్‌తో కిరాయికి సరుకు తోలాలంటే సీడీఎల్ (పెద్ద ట్రక్కులు, బస్సులకి కావాల్సిన కమర్షియల్ డ్రైవింగ్ లైసెన్స్) ఉండాల్సిందే అని ఒక ఆర్టికల్‌లో రాశారు, అది తప్పండీ. సీడీఎల్ మొదలయ్యేదే బండి బరువు రేటింగ్ 26,001 పౌండ్ల దగ్గర, స్ప్రింటర్, ట్రాన్సిట్, ప్రోమాస్టర్ వ్యాన్లేవీ ఆ దరిదాపుల్లోకి రావు, మామూలు కారు లైసెన్సే చాలు (బండికి ప్రమాద హెచ్చరిక ప్లకార్డు అంటించాల్సిన ప్రమాదకర సరుకైతే మాత్రం వేరే కథ).

అసలు చూస్కోవాల్సింది 10,001 పౌండ్ల గీత. డ్రైవర్ డోర్ తీస్తే పక్కన పిల్లర్ మీద స్టిక్కర్ ఉంటుంది కదా, దాన్లో జీవీడబ్ల్యూఆర్ (బండి, సరుకు, మనుషులు అన్నీ కలిపి కంపెనీ ఒప్పుకున్న గరిష్ఠ బరువు) అని రాసి ఉంటుంది, లెక్క దాందే, బండి ఖాళీగానే ఉంది సార్, లోపల రెండు డబ్బాలే ఉన్నాయి అంటే ఇన్‌స్పెక్టర్ వినడు. ఒక్క స్ప్రింటర్ 3500లోనే కొన్ని 9,990 ఉంటాయి, కొన్ని 11,030 ఉంటాయి, ఈ రెండో రకం తీస్కొని స్టేట్ దాటి లోడ్లు కొట్టారనుకోండి, డాట్ నంబర్ (కేంద్ర రవాణా శాఖ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబర్), డ్రైవర్‌కి మెడికల్ కార్డు (ఆరోగ్య పరీక్ష సర్టిఫికెట్), 21 ఏళ్లు నిండి ఉండటం, డ్యూటీ గంటల రూల్స్ అన్నీ నెత్తిన పడతాయి. చిన్న వ్యాన్‌కి ట్రైలర్ తగిలించినా అంతే, రెండిటి రేటింగూ కలిపే చూస్తారు.

10,001 పౌండ్ల లోపు బండి అయితే ఏమీ అక్కర్లేదనీ కాదు, వేరేవాళ్ల సరుకు స్టేట్ దాటించి సొంతంగా తోలేవాళ్లకి ఆపరేటింగ్ అథారిటీ (కిరాయికి సరుకు తోలడానికి కేంద్రం ఇచ్చే అనుమతి), కనీసం 3 లక్షల డాలర్ల లయబిలిటీ ఇన్సూరెన్స్ కావాలి. మన స్టూడెంట్స్‌కి ఒక మాట, ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద ఉండి ఈ పని పెట్టుకోకండి, లైసెన్స్ ఉన్నంత మాత్రాన వర్క్ పర్మిట్ ఉన్నట్టు కాదు.