పాలస్తీనాలో సర్వేలు చాలు, ఓటు కావాలి

మహమూద్ అబ్బాస్ 2005 జనవరి 9న నాలుగేళ్ల పదవీకాలానికి పాలస్తీనా అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. నేటికీ ఆయనే అధ్యక్షుడు. వయసు తొంభైకి చేరింది. పార్లమెంటు ఎన్నికలు చివరిసారి జరిగింది 2006 జనవరి 25న. ఆనాటికి 18 ఏళ్లు నిండని పాలస్తీనీయులెవరికీ అధ్యక్షుణ్ని గానీ పార్లమెంటును గానీ ఎన్నుకునే అవకాశమే దక్కలేదు. గాజా యుద్ధం ముగిసిన ఏడాదిలోపు ఎన్నికలు జరుపుతామని 2025 సెప్టెంబరులో అబ్బాస్ ఐక్యరాజ్యసమితికి మాట ఇచ్చారు. ఆ మాట నిలబడాలని మేము గట్టిగా కోరుతున్నాం. ఇటువంటి మాటలు ఇదివరకు ఎలా నీరుగారాయో తెలుసు గనుకే ఈ విషయంలో మెతకదనం పనికిరాదంటున్నాం.

ఓటు లేనిచోట ప్రజల మనసు తెలుసుకోవడానికి మిగిలిన మార్గం సర్వే. రమల్లాలో ఖలీల్ షికాకీ నేతృత్వంలోని పాలస్తీనా విధాన, సర్వే పరిశోధన కేంద్రం ఏళ్ల తరబడి ఆ పని చేస్తోంది. ఆ సంస్థ ప్రతినిధులు వెస్ట్ బ్యాంక్, గాజాల్లో ఇంటింటికీ వెళ్లి, మనుషులను ముఖాముఖి కలిసి ప్రశ్నలడుగుతారు. 2023 నవంబరు చివర్లో, గాజాలో బాంబులు కొద్ది రోజులు ఆగిన వ్యవధిలో కూడా వారు 1,231 మందిని కలిశారు. ఆ శ్రమ పట్ల మాకు గౌరవం ఉంది. కానీ ఆ అంకెలను రాజకీయ నాయకులు వాడుకుంటున్న తీరు పట్ల లేదు. ఓడిపోతామని సర్వేలో చూసినవారు ఎన్నికను వాయిదా వేస్తారు. ముందంజలో ఉన్నామని చూసినవారు ఆ అంకెనే ప్రజాతీర్పుగా చాటుకుంటారు. ప్రజలకు మాత్రం అభిప్రాయం చెప్పే అవకాశమే మిగిలింది, నిర్ణయించే హక్కు పోయింది.

సర్వేకు, ఓటుకు మధ్య దూరం ఎంతో 2006 ఎన్నికలే చూపించాయి. పోలింగ్ ముగిసిన రాత్రి ఎగ్జిట్ పోల్స్ అన్నీ అబ్బాస్ పార్టీ ఫతాకే ఆధిక్యం ఇచ్చాయి. తెల్లవారాక 132 స్థానాల్లో దాని ప్రత్యర్థి, ఇస్లామిక్ సంస్థ హమాస్‌కు 74, ఫతాకు 45 దక్కాయి. ప్రధాని అహ్మద్ ఖురై మంత్రివర్గం రాజీనామా చేసింది. ప్రజలంతా హమాస్ వైపు తిరిగారని ప్రపంచం ఒక్క మాటలో తేల్చేసింది. లెక్కలు అలా చెప్పడం లేదు. సగం సీట్లను పార్టీల జాబితాలకు పడిన ఓట్ల నిష్పత్తిలో పంచారు. అక్కడ హమాస్‌కు 44 శాతం, ఫతాకు 41 శాతం ఓట్లు వచ్చాయి. సీట్లు 29, 28. అంటే దాదాపు సరిసమానం. తారుమారైంది మిగతా 66 స్థానిక సీట్లలో. ఒక జిల్లాలో ఎన్ని సీట్లుంటే ఓటరుకు అన్ని ఓట్లు ఉండే పద్ధతి అది. హమాస్ క్రమశిక్షణతో, సీట్లకు మించకుండా అభ్యర్థులను నిలిపింది. టికెట్ దక్కని ఫతా నాయకులు స్వతంత్రులుగా బరిలోకి దిగి సొంత పార్టీ ఓట్లనే చీల్చారు. తిరుగుబాటు అభ్యర్థులు పార్టీలను ఎలా ముంచుతారో తెలుగు పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. హెబ్రోన్ జిల్లాలోని తొమ్మిది సీట్లూ హమాస్‌వే అయ్యాయి. మొత్తం స్థానిక సీట్లలో దానికి 45 రాగా, ఫతా 17తో సరిపెట్టుకుంది.

ఆ తర్వాత జరిగింది మరింత విచారకరం. స్వేచ్ఛగా జరిగాయని అంతర్జాతీయ పరిశీలకులే మెచ్చుకున్న ఎన్నికల్లో నెగ్గిన ప్రభుత్వానికి అమెరికా, యూరోపియన్ యూనియన్ సాయం నిలిపివేశాయి. పన్నుల రాబడిని ఇజ్రాయెల్ బిగబట్టింది, గెలిచిన పార్లమెంటు సభ్యులను డజన్ల కొద్దీ జైలుకు పంపింది. ఫతా, హమాస్ 2007 ఫిబ్రవరిలో మక్కాలో చేయి కలిపి ఐక్య ప్రభుత్వం ఏర్పాటు చేసుకున్నా, జూన్ నాటికి గాజా వీధుల్లో ఒకరినొకరు కాల్చుకున్నారు. గాజా హమాస్ చేతికి, వెస్ట్ బ్యాంక్ ఫతా చేతికి పోయాయి. కైరోలో, దోహాలో, 2024లో బీజింగ్‌లో కుదిరిన సయోధ్య ఒప్పందాల్లో ఏదీ ఈ గీతను చెరపలేదు.

ఓటు పెట్టెకు అతి దగ్గరగా వచ్చింది 2021లో. మే 22న పార్లమెంటుకు, జూలై 31న అధ్యక్ష పదవికి ఎన్నికలని అబ్బాస్ ఉత్తర్వు ఇచ్చారు. అర్హుల్లో 93 శాతానికి పైగా ఓటర్లుగా నమోదయ్యారు. 36 జాబితాలు బరిలో నిలిచాయి. ఆ ఉత్సాహమే అధినేతను భయపెట్టిందని మా అభిప్రాయం. ఇజ్రాయెల్ జైల్లో ఉన్న ఫతా నాయకుడు మర్వాన్ బర్ఘూతీ, మాజీ అధ్యక్షుడు అరాఫత్ మేనల్లుడు నాసర్ అల్ కిద్వా కలిసి వేరే జాబితా పెట్టారు. ప్రవాసంలోని ఫతా మాజీ నేత మహమ్మద్ దహ్లాన్ వర్గం మరొకటి పెట్టింది. ఫతా మూడు ముక్కలైంది. ఏప్రిల్ నెలాఖరున, ఇజ్రాయెల్ అధీనంలో ఉన్న తూర్పు జెరూసలేంలో ఓటింగ్‌కు ఆ దేశం ఒప్పుకోలేదంటూ అబ్బాస్ ఎన్నికలను వాయిదా వేశారు. ఇజ్రాయెల్ అడ్డు నిజమే. కానీ జెరూసలేం ఓటు కోసం పోరాడవలసిన నాయకుడు దాన్ని వెనక్కి తగ్గడానికి సాకుగా వాడుకున్నారు. ఆ జాబితాల్లో ఒకదాని నుంచి పోటీకి దిగిన విమర్శకుడు నిజార్ బనాత్ జూన్‌లో పాలస్తీనా భద్రతాదళాల నిర్బంధంలో మరణించారు. సెప్టెంబరు సర్వేలో దాదాపు 80 శాతం అబ్బాస్ రాజీనామా కోరారు.

హమాస్ చరిత్ర కూడా ఇంతకన్నా మెరుగు కాదు. వెస్ట్ బ్యాంక్‌లో 2012, 2017, 2021ల్లో స్థానిక ఎన్నికలు జరిగినప్పుడు గాజాలో ఒక్క పురపాలక సంఘానికీ ఓటింగ్ జరగనివ్వలేదు. 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్‌లో జరిపిన మారణకాండకు ముందు గాజా ప్రజల అనుమతి అడిగిన దాఖలా లేదు. దానికి మూల్యం మాత్రం వారే చెల్లించారు, ఇళ్లతో, పిల్లలతో, నగరాలతో. ఆ వినాశనానికి ఇజ్రాయెల్ బాధ్యత వహించాల్సిందే.

యుద్ధం మొదలయ్యాక వచ్చిన సర్వేను చూడండి. వెస్ట్ బ్యాంక్‌లో హమాస్‌కు మద్దతు మూడు నెలల్లో 12 శాతం నుంచి 44 శాతానికి ఎగబాకింది. పాలస్తీనీయులంటే హమాసే అనేవారు ఈ అంకెను పట్టుకున్నారు. అదే సర్వేలో అధ్యక్ష పోటీ అబ్బాస్, నాటి హమాస్ అధినేత ఇస్మాయిల్ హనియేల మధ్య అయితే 16, 78 శాతం. బర్ఘూతీ కూడా నిలబడితే ఆయనకు 47, హనియేకు 43. ప్రజలకు ఇష్టమైన అభ్యర్థి ఇద్దరు పాలకుల్లోనూ లేడు, జైలు గదిలో ఉన్నాడు. 2002 నుంచి అక్కడే ఉన్నాడు.

ఈసారి మరో చిక్కు ఎదురుగా ఉంది. పాలస్తీనా విమోచన సంస్థ (పీఎల్ఓ) కార్యక్రమాన్ని, అంతర్జాతీయ కట్టుబాట్లను అంగీకరించినవారికే పోటీ అర్హత అంటున్నారు అబ్బాస్. ఆయుధం చేతపట్టి ఓటు అడగకూడదన్నంత వరకు ఆ షరతు సబబే. ప్రత్యర్థిని బరిలోకే రానివ్వకుండా చేసే జల్లెడగా దాన్ని మారిస్తే, ఎన్నిక జరిగినా ఫలితాన్ని ఎవరూ నమ్మరు.

2025 సెప్టెంబరులో ఫ్రాన్స్, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా పాలస్తీనాను దేశంగా గుర్తించాయి. భారత్ ఆ పని 1988లోనే చేసింది. గుర్తించిన దేశాలన్నీ ఇప్పుడు చేయవలసిన పని ఒకటుంది. 1996లో, 2005లో, 2006లో తూర్పు జెరూసలేం వాసులు అక్కడి పోస్టాఫీసుల్లో ఓటేశారు. ఆ ఏర్పాటును తిరిగి అనుమతించాలని ఇజ్రాయెల్‌ను బహిరంగంగా, పేరు పెట్టి అడగాలి. ఎవరు గెలిచినా 2006లో మాదిరి సాయం తెంచబోమని ఓటింగ్‌కు ముందే ప్రకటించాలి. న్యూఢిల్లీ ఈ రెండు మాటలూ అందరికంటే ముందుగా అనాలని మేము కోరుతున్నాం.