కొత్త రేవుల్లో ఓడ ఎక్కి చూసే వైద్యుడెవరు?

కాకినాడ తీరంలో నిలబడితే బియ్యం కోసం వచ్చిన ఓడలు దూరంగా లంగరేసి కనిపిస్తాయి. బార్జీలు బస్తాలు మోసుకుని వాటి దగ్గరికి వెళ్లొస్తుంటాయి. ఆ బియ్యంలో చాలా భాగం పశ్చిమ ఆఫ్రికాకు పోతుంది. 2024 నవంబరులో రేషన్ బియ్యం గొడవలో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ సముద్రంలోకి వెళ్లి స్టెల్లా ఎల్ నౌకను చూపించినప్పుడు ఈ రాకపోకల సంగతి రాష్ట్రమంతా తెలిసింది. ఓడలో ఏం పోతోందని నెలల తరబడి మాట్లాడుకున్నాం. ఓడతో పాటు ఏం రావచ్చని అడిగినవాళ్లు నాకు కనబడలేదు.

దోమకాటుతో పాకే ప్రాణాంతక జ్వరం ఎల్లో ఫీవర్ ఇప్పటికీ ఉన్న ప్రాంతం పశ్చిమ ఆఫ్రికా. మన దేశంలో ఆ జబ్బు లేదు, కానీ దాన్ని మోసే దోమ ఉంది. మనకు డెంగీ తెచ్చే ఈడిస్ ఈజిప్టీయే అది. అంటే పొయ్యి సిద్ధంగా ఉంది, నిప్పు ఒక్కటే లేదు. 2016లో అంగోలా నుంచి తిరిగొచ్చిన కార్మికుల్లో 11 మందికి చైనాలో ఎల్లో ఫీవర్ బయటపడింది. వాళ్లు వచ్చింది విమానాల్లో. మూడు నాలుగు వారాలు ప్రయాణించే ఓడలో జబ్బు మనిషి దారిలోనే బయటపడతాడు కాబట్టి మనిషి ద్వారా ముప్పు తక్కువే, ఒప్పుకోవాలి. అయితే దోమ సంగతి వేరు. ఈడిస్ గుడ్లు తడి లేకుండా నెలల తరబడి బతుకుతాయి. పాత టైరులోనో, లైఫ్‌బోటు మీది టార్పాలిన్ మడతలోనో నిలిచిన వాననీరు చాలు, అవి పిల్లలవుతాయి. ఈ దోమ అమెరికా ఖండాలకు చేరిందే ఓడల నీళ్ల పీపాల్లో.

ఈ కాపలా పని పోర్ట్ హెల్త్ అధికారిది, అంటే రేవులో ఉండే కేంద్ర ప్రభుత్వ వైద్యుడిది. ఓడ రేవు చేరేముందు కెప్టెన్ ఆరోగ్య ప్రకటన పంపుతాడు. దారిలో ఎవరైనా చనిపోయారా, మామూలు కంటే ఎక్కువమంది జబ్బు పడ్డారా, ఇప్పుడు ఎవరైనా మంచంలో ఉన్నారా, అన్నీ అందులో చెప్పాలి. అధికారి సరేనన్నాకే ఒడ్డుతో రాకపోకలు. దీన్నే ఫ్రీ ప్రాటిక్ అంటారు. దాన్ని కోరుతూ ఓడ పసుపుపచ్చ జెండా ఎగరేయడం పాత ఆనవాయితీ. ఇక ఓడ పారిశుద్ధ్య ధ్రువపత్రం ఆరు నెలలే చెల్లుతుంది. అది ఇవ్వాలంటే వంటగది, సరుకుల గదులు, తాగునీటి ట్యాంకులు, మురుగు, ఇంజన్ రూమ్, మందుల గది, ఓడ నిలకడ కోసం నీళ్లు నింపే బ్యాలస్ట్ ట్యాంకులు, అన్నీ తిరిగి చూడాలి. పచ్చి మాంసం, వండిన కూర ఒకే అరలో ఉన్నాయా, నీళ్ల గొట్టం నేల మీద మురికిలో పడి ఉందా, మూలల్లో ఎలుక పెంటికలున్నాయా అని చూడాలి. రేవుకు కట్టిన తాళ్లకు గుండ్రటి రేకులు బిగించారో లేదో కూడా చూడాలి. ఎలుక తాడు మీదుగా దిగిపోకుండా ఆపేవి ఆ రేకులే. అవి చిన్న విషయంగా అనిపించేవాళ్లు 1896 బొంబాయిని తలచుకోవాలి. ఓడరేవు పక్క మాండ్వీలో మొదలైన ప్లేగు తర్వాతి దశాబ్దాల్లో దేశంలో కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది.

ఇంత చూడాలంటే గంటలు పడుతుంది. ఓడ నిలబడిన ప్రతి రోజూ ఎవరికో ఖర్చు. రేవులు తమ గొప్ప చెప్పుకునేది కూడా ఎంత త్వరగా ఓడను పంపించామన్న లెక్కతోనే. ఎన్ని ఓడలను లోపలికంటా చూశాం, ఎన్నింటిలో ఏం దొరికింది అన్న లెక్క ఆ గొప్పల్లో ఉండదు. సరిపడా మనుషులు లేనిచోట తనిఖీ మెల్లగా సంతకంగా మారిపోతుంది. నా భయమల్లా అదే. అది ఏ ఒక్క అధికారి తప్పూ కాదు. అలలు లేచిన రోజు లాంచీలో లంగరు దాకా వెళ్లి, ఊగుతున్న నిచ్చెన పట్టుకుని పైకెక్కి, అన్ని గదులూ తిరిగే పని ఒక్క వైద్యుడి మీద పెడితే ఎవరైనా ఎంతని చేస్తారు?

చిక్కుముడి రాజ్యాంగంలోనే ఉంది. రేవు క్వారంటైన్ కేంద్ర జాబితాలో 28వ అంశం. ప్రజారోగ్యం రాష్ట్ర జాబితాలో ఆరవది. మేజర్ పోర్టులు, అంటే కేంద్రం చేతిలోని పెద్ద రేవులు కాని మిగతా రేవులు ఉమ్మడి జాబితాలో 31వది. దోమకు ఈ జాబితాలు తెలియవు. 2007 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల ప్రకారం రేవు సదుపాయాల చుట్టూ కనీసం 400 మీటర్ల మేర దోమలు, ఎలుకలు అదుపులో ఉండాలి. విశాఖలో రేవును ఆనుకునే వన్‌టౌన్ పాత ఇళ్లున్నాయి. గోడకు ఇవతల డ్రమ్ములో లార్వా కనిపిస్తే కేంద్ర ఉద్యోగి వంపేస్తాడు. గోడకు అవతల అదే డ్రమ్ము నగరపాలక సంస్థది. ఈ ఇద్దరూ వారానికోసారి ఒకే పటం ముందు కూర్చోకపోతే ఆ 400 మీటర్లు కాగితం మీదే ఉంటాయి.

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో మూలపేట, మచిలీపట్నం, రామాయపట్నం రేవులు కడుతున్నారు. ఎన్ని బెర్తులు, ఎంత లోతు, ఏ రైలు మార్గం అని రోజూ చదువుతున్నాం. ఐసొలేషన్ గది ఎక్కడ, అంబులెన్స్ ఎటు నుంచి వస్తుంది, నీటి నమూనా ఏ ల్యాబుకు పోతుంది, వైద్యుడికి లాంచీ ఎవరిస్తారు అన్నవి చర్చలోకి రావడం లేదు. రేవు రాష్ట్రానిది, కాపలా కేంద్రానిది అయినప్పుడు ఎవరికి వారు అవతలివాళ్లు చూసుకుంటారనుకునే ప్రమాదం ఉంది. రాష్ట్ర మారిటైమ్ బోర్డు, కేంద్ర ఆరోగ్యశాఖ మొదటి ఓడ రాకముందే రాతపూర్వకంగా పంచుకోవాల్సిన పనులివి. నిబంధనలు రాసుకోవడానికి సమయం కూడా కుదిరింది. మన పోర్ట్ హెల్త్ నియమాలు 1955 నాటివి, మశూచి ఉన్న రోజులవి. వాటికి ఆధారమైన 1908 ఓడరేవుల చట్టం స్థానంలో 2025లో కొత్తది వచ్చింది.

తనిఖీ అంటే వ్యాపారానికి అడ్డని వాదించేవాళ్లు 2020ని గుర్తు చేసుకోవాలి. కోవిడ్‌లో ఓడను సురక్షితంగా చూసి మనుషుల్ని దింపే ఏర్పాటు లేక రేవులు తలుపులు మూసుకున్నాయి. ప్రపంచవ్యాప్తంగా దాదాపు 4 లక్షల మంది నావికులు ఒప్పందం ముగిసినా ఓడల మీదే చిక్కుకుపోయారు. మన శ్రీకాకుళం, విశాఖ కుర్రాళ్ల ఇళ్లలో ఆ నెలలు ఎలా గడిచాయో అడిగితే చెబుతారు. చూసి పంపగలిగే వైద్యుడు ఉన్న రేవు తలుపు తెరిచి ఉంచగలదు.

ఇంకొక్కటి. ఓడ మీదికి అందరికంటే ముందు ఎక్కేవాళ్లలో కళాసీలు, బార్జీ కూలీలు ఉంటారు. పురుగు పట్టకుండా సరుకు గదుల్లో పెట్టే మందు నుంచి వెలువడే ఫాస్ఫీన్ అనే విషవాయువు ముందు తగిలేది వాళ్లకే, సిబ్బంది జ్వరం ముందు అంటేదీ వాళ్లకే. తనిఖీలో ఏం తేలిందో ఇప్పుడు కెప్టెన్‌కు, ఏజెంటుకు తెలుస్తుంది. తెలుగులో రాసిన ఒక పేజీ కళాసీల మేస్త్రీ చేతికి, వాళ్లు నిచ్చెన ఎక్కకముందే అందాలి.