కుక్క వెంట్రుకలో ఎవరి టెన్షన్ ఉంది?

మా కుక్కని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లే రోజు ఆటో ఎక్కించేటప్పుడే దాని తోక కాళ్ల మధ్యకి పోతుంది, బల్ల మీదికి ఎత్తేసరికి ఒళ్లంతా వణుకు, గోళ్లు స్టీలు రేకు మీద టకటకమంటాయి. అలాంటప్పుడు సూది గుచ్చి తీసిన రక్తంలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ ఎక్కువ కనిపిస్తే, అది కుక్క ఇన్నాళ్లూ ఎలా బతికిందో చెప్పినట్టా, ఆ బల్లంటే ఎంత భయమో చెప్పినట్టా? ఈ హార్మోన్ నిమిషాల్లో పెరిగిపోతుంది. జంతువుల ఒత్తిడిని రక్తంతో కొలవడంలో చిక్కంతా ఇక్కడే ఉంది.

వెంట్రుకతో ఆ బాధ చాలావరకు తప్పుతుంది. అది పెరిగేటప్పుడు రక్తంలోని కార్టిసాల్ కొద్దికొద్దిగా లోపలికి చేరి ఉండిపోతుంది కాబట్టి, చర్మానికి దగ్గరగా కత్తిరించిన చిన్న కుచ్చు వారాల, నెలల సంగతి చెబుతుంది. ల్యాబులో దాన్ని ఆల్కహాల్‌తో కడిగి, ఆరబెట్టి, పొడి చేసి, మిథనాల్‌లో నానబెట్టి హార్మోన్‌ని బయటికి తీస్తారు. కెనడాలో గ్రిజ్లీ ఎలుగుబంట్లని పట్టుకోకుండా, ముళ్లతీగకి చిక్కుకున్న వెంట్రుకలతోనే ఈ కొలత తీసుకున్నారు.

అందరి నోళ్లలో పడింది మాత్రం 2019లో స్వీడన్‌లోని లిన్‌షోపింగ్ యూనివర్సిటీ చేసిన పరిశోధన. 25 బోర్డర్ కోలీలు, 33 షెట్లాండ్ షీప్‌డాగ్‌లు, వాటిని పెంచే ఆడవాళ్లు. వేసవిలో ఒకసారి, చలికాలంలో ఒకసారి కుక్కవీ, మనిషివీ వెంట్రుకలు తీసుకుని చూస్తే రెండింటి కార్టిసాల్ జతగా నడిచింది. కుక్క స్వభావం ప్రభావం అంతంతమాత్రమే, యజమాని స్వభావానిదే ఎక్కువ. ఇంకేముంది, 'మీ టెన్షన్ మీ కుక్కకి అంటుకుంటుంది' అని తేల్చేశారు చాలామంది. అంత దూరం వెళ్లడం నాకు సరిగ్గా అనిపించదు. రెండు అంకెలు కలిసి నడిచాయంటే ఒకటి రెండోదాన్ని లాక్కెళ్లిందని రుజువైనట్టు కాదు. పైగా అవి మందలు కాసే జాతులు, మనిషి సైగ చూసి పనిచేయడానికే తరతరాలుగా పెంచినవి. అదే యూనివర్సిటీ వాళ్లు 2021లో ఒంటరిగా వేటాడే జాతుల్నీ, పాతకాలపు జాతుల్నీ చూస్తే ఆ జత కనబడలేదు. మా వీధికుక్కల మీద ఈ ఫలితాన్ని రుద్దడానికి నేనైతే ఒప్పుకోను.

ఇంకో సంగతి, వెంట్రుక రంగు కూడా లెక్క మారుస్తుంది. నలుపూ తెలుపూ కలిసిన హోల్‌స్టీన్ ఆవుల్లో తెల్ల వెంట్రుకల్లో ఎక్కువ, నల్లవాటిలో తక్కువ వచ్చింది. పేడా మూత్రమూ అంటుకున్న చోట కొలత తప్పే ప్రమాదముంది. అందుకే ఒకే ఒక్క అంకె పట్టుకుని 'ఈ ఆవు బాధపడుతోంది' అనేయడం కుదరదు, ఆ జంతువుని దానితోనే పోల్చాలి. ఒకచోట గొరిగి, మళ్లీ మొలిచిన వెంట్రుకని తీస్తే అది కచ్చితంగా ఆ మధ్యకాలందే అవుతుంది. 2006లో అచ్చైన ఒక అమెరికా పరిశోధనలో, రీసస్ కోతుల్ని కొత్త భవనంలోకి మార్చినప్పుడు, మార్చకముందుతో పోలిస్తే తర్వాత వాటి వెంట్రుకల్లో కార్టిసాల్ పెరిగింది, ఏడాదికి మళ్లీ దిగింది. నమ్మదగ్గ వాడకం అంటే నాకిదే.

మన దగ్గర ఈ చదువు లేక కాదు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన వన్యప్రాణుల ల్యాబు లాకోన్స్ శాస్త్రవేత్తలు మధ్యప్రదేశ్‌లోని కన్హా, బాంధవ్‌గఢ్ అడవుల పులుల మలంలో ఒత్తిడి హార్మోన్లు కొలిచి, టూరిస్టులు తిరిగే కాలంలో అవి ఎక్కువగా ఉంటున్నాయని 2019లోనే చూపించారు. అయితే మలం చెప్పేది ఒకటి రెండు రోజుల మాట. గొలుసుతో కట్టేసిన గుడి ఏనుగుకి, జూ నుంచి జూకి లారీలో వెళ్లే జంతువుకి కావలసింది నెలల లెక్క. బదిలీకి ముందు తోక వెంట్రుకలు నాలుగు, మూడు నెలలయ్యాక నాలుగు తీసి కవర్లో వేసి తేదీ రాసిపెట్టడానికి పెద్ద ఖర్చేం కాదు. వెంట్రుకని ఐసులో దాచక్కర్లేదు, మామూలు గదిలో పొడిగా ఉంచితే చాలు. బదిలీ కాగితాలకి ఆ కవరు పిన్ను చేయాలనే నిబంధన ఒకటి పెట్టమని అడుగుతున్నాను.